బూరుగ చెట్టుకి నెలకో ఫొటో

ఆ రోజుల్లో ఫొటో తీయడం వేరు, ఫొటో చూడడం వేరు. ఈ రెంటికీ మధ్య ఒక్కోసారి నెల గడిచేది. రీలు పూర్తవ్వాలి, స్టూడియోలో కడిగించాలి, కవరు విప్పి చూసుకుంటే సగం బొమ్మల్లో నా వేలు అడ్డం వచ్చి ఉండాలి. అయినా ఆ కవరు విప్పేటప్పుడు ఉండే ఆత్రం నాకు పదో తరగతి ఫలితాలప్పుడు కూడా లేదు. నర్సు ఉద్యోగానికని బాపట్ల పక్క నుంచి ఢిల్లీ రైలెక్కినప్పుడు మా బాబాయి తన పాత కెమెరా నా చేతిలో పెట్టాడు. దాంతో ఏం తీయాలో ఆయన చెప్పలేదు, నాకూ తెలియదు.

నాకు తెలిసిన కాలాలు మూడు: ఎండ, ముసురు, మళ్ళీ ఎండ. నేను ఢిల్లీలో దిగింది ఏప్రిల్ చివర్లో. కటవారియా సరాయ్‌లో, పోటీ పరీక్షలకి చదివే పిల్లల గదుల మధ్య, ఆసుపత్రిలో నాకంటే సీనియరైన భీమవరం అక్కతో కలిసి ఓ గదిలో ఉండేదాన్ని. ఒకరోజు పొద్దున్నే పక్క కాలనీ సందులోంచి బస్టాపుకి వెళుతుంటే మీద తెల్లగా దూది రాలింది. ఎవరో మేడ మీద పరుపు దులుపుతున్నారనుకుని, తిట్టడానికి తలెత్తాను. పరుపు లేదు. ఓ ఇంటి గేటు పక్కన బూరుగ చెట్టు, కాయలు పగిలి, దూదిని గాలికి వదిలేస్తోంది. మా ఊళ్ళో బూరుగ దూదిని దిండులో చూశానే గాని ఇలా ఎగరడం ఎప్పుడూ చూడలేదు. మరి ఏడాదిలో మిగతా రోజులన్నీ ఈ చెట్టు ఏం చేస్తుంది? ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం, చర్చి అవగానే, అదే చోట నిలబడి ఒక ఫొటో తీయాలని నిర్ణయించుకున్నాను.

"మనుషులే దొరకనట్టు చెట్టుకి ఫొటోలేంటే?" అంది అక్క. "అది నీకేమన్నా నవ్వుతుందా?"

రెండో నెలలోనో మూడో నెలలోనో, ఆ ఇంట్లోంచి గుబురు మీసాల పంజాబీ పెద్దాయన ఒకరు పరుగున వచ్చారు. "మేడమ్ జీ, కోయీ కామ్?" అన్నారు, ఏమైనా పని మీద వచ్చానా అని. నేను కొత్తగా నేర్చిన హిందీని కూడగట్టుకుని, "ఫొటో లేనా హై. హర్ మహీనే ఆయేగా" అన్నాను, నన్ను నేనే మగవాణ్ణి చేసుకుంటూ. ప్రతి నెలా వస్తానన్న మాట వినగానే ఆయన మొహంలో రంగు మారింది. వెంటనే లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, వెనకే చాయ్, ఆ వెనకే సమోసా. ఆ రాత్రి మా అమ్మకి ఫోన్లో చెప్పాను: ఢిల్లీవాళ్ళు కఠినులని ఎవరన్నారు, దారినపోయేదాన్ని కూర్చోబెట్టి పెడుతున్నారని.

వానలకి చెట్టు ఆకుపచ్చగా ఇంటిని కప్పేసింది. చలి మొదలయ్యేసరికి ఆకులు పండి, ఒక్కొక్కటే రాలి, కొమ్మలు బయటపడ్డాయి. ఆ కొమ్మల వెనక ఇంటి పై అంతస్తుకి పచ్చటి పరదా కట్టారు. (ఫొటో పాడవుతోందని విసుక్కున్నానే గాని, పరదా ఎందుకు కట్టారో అనుకోలేదు. చెట్టు గురించి ఉన్న కుతూహలంలో పావు వంతు మనుషుల గురించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.) మీసాల అంకుల్ మంకీ క్యాప్ పెట్టుకుని గాజర్ హల్వా తెచ్చిచ్చారు. అక్కకి అనుమానమొచ్చింది. "ఊరికే ఎవరే హల్వా పెట్టేది? పెళ్ళీడు కొడుకుంటాడు చూడు." ఆ మరుసటి నెల నేను చున్నీ ఇస్త్రీ చేసుకుని వెళ్ళానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. పంజాబీ కుర్రాడి సంగతి మా పాస్టరుగారికి ఎలా చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

మార్చిలో చెట్టు ఎర్రబడింది. ఒక్క ఆకు లేదు, కొమ్మనిండా అరచేయంత పూలు. కింద నుంచి చూస్తే తొడిమలే కనిపిస్తున్నాయి. పువ్వు ఆకాశం వైపు విచ్చుకుంటుంది, గోరింకలు అందులో తలలు దూర్చి ఏదో తాగుతున్నాయి. ఆ లోపల ఏముందో నాకు చూడాలి. అప్పటికే రోడ్డంతా రాలిన పూలు. నన్ను వేరే ఊరి ఆసుపత్రికి పంపిస్తారన్న మాట కూడా వినిపిస్తోంది. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడో!

"అంకుల్, ఊపర్ దేఖ్నా హై" అన్నాను, మేడ మీదికి చేయి చూపించి.

"ఊపర్?" ఆయన నుదుటి మీద చెమట. "ఊపర్ కుఛ్ నహీ హై, మేడమ్ జీ!"

"ఊపర్ హీ తో సబ్ హై, అంకుల్!" అన్నాను నేను, పైన ఏమీ లేకపోవడమేంటి, ఉన్నదంతా పైనే కదా అని ఉత్సాహంగా.

ఆయన నా కుర్చీలో తనే కూలబడ్డారు. మేడ తాళం పోయిందన్నారు. అప్పుడు ఆంటీ బయటికొచ్చారు. భారీ మనిషి, కొంగు నడుముకి దోపుకుని, "చలో బేటీ. జో హోగా, దేఖా జాయేగా" అని, అయ్యేదేదో అవుతుందన్న ధీమాతో నన్ను మెట్లెక్కించారు. పైన పరదా చాటున తడి సున్నం వాసనతో కొత్త గది. దానినిండా దేవుళ్ళ పటాలు, దండలు, అగరొత్తుల పొగ. నేను చెప్పులు విప్పి, "బహుత్ అచ్ఛా" అని, గదిని దాటి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాను. ఎదురుగా పూలు, నిండు గిన్నెల్లా. ముక్కుకి పుప్పొడి అంటిన గోరింక ఒకటి నన్ను లెక్కచేయకుండా తాగుతోంది. నేను గోడ మీంచి సగం బయటికి వంగితే, ఆంటీ నా చున్నీ పట్టుకుని "గిర్ జాయేగీ!" అని, పడిపోతానని అరుస్తున్నారు. రీలు అయిపోయేదాకా తీశాను.

వెనక్కి తిరిగితే అంకుల్ చేతులు జోడించి నిలబడి ఉన్నారు. "మేడమ్ జీ, రిపోర్ట్ మే థోడా ధ్యాన్ రఖ్నా." రిపోర్టులో కాస్త దయ చూపించమని.

"ఏ రిపోర్టు?"

"దఫ్తర్ వాలీ." ఆఫీసుకి పంపేదట.

"అంకుల్, మై నర్స్ హూఁ."

గోరింక కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. "నర్స్? తో ఫొటో కిస్‌కా?"

"పేడ్ కా," అన్నాను చెట్టు వైపు చూపించి.

"పేడ్ కా?" ఆయన తన గేటు పక్క చెట్టుని మొదటిసారి చూసినట్టు చూశారు. అనుమతి లేకుండా మరో అంతస్తు లేపుతుంటే, మున్సిపాలిటీ నుంచి నెలనెలా కొలతకి వచ్చే ఆఫీసరమ్మనుకున్నారట నన్ను! గదిని కూలగొట్టించకుండా దేవుళ్ళ పటాలు అడ్డం పెట్టారట. ఆంటీ ఇటుకల కుప్ప మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "సాల్ భర్ సే సమోసే ఖిలా రహా హై, ఏక్ పేడ్ కే లియే!" ఒక్క చెట్టు కోసం ఏడాది పొడుగునా సమోసాలు పెట్టారని.

నేనూ నవ్వుతూనే కెమెరా సంచీలో పెట్టేశాను. ఆ చాయ్, ఆ హల్వా ఏవీ నాకు కావన్నమాట. కొడుకు కూడా లేడు, ఇద్దరూ కూతుళ్ళేనట, పెళ్ళిళ్ళయిపోయాయట. సంచీ తీసుకుని గబగబా దిగిపోతుంటే అంకుల్ పిలిచారు. "రుకో. నర్స్ హో తో నాడీ దేఖో మేరీ." చేయి పట్టి చూశాను. గుండె దడదడలాడుతోంది. కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాను.

ఆ తరువాత సమోసా ఆగిపోయింది, చాయ్ మాత్రం ఆగలేదు. "మేడమ్ జీ" పోయి "ఏ లడ్కీ", అంటే "ఏయ్ పిల్లా", వచ్చింది. అంతకంటే వింత, అంకుల్ చెట్టుని కనిపెట్టడం మొదలుపెట్టారు. "ఈ వారం చిలకలొచ్చాయి, నువ్వు లేవు" అని హిందీలో నా మీద కోప్పడేవారు. ఏప్రిల్లో నేను బస్టాపుకి పరుగెడుతుంటే ఆంటీ మేడ మీంచి కేక వేశారు: "ఆజా, ఫట్ గయా!" మొదటి కాయ పగిలిందని. బస్సు వదిలేసి వెళ్ళాను.

ఆ వేసవిలోనే నన్ను వేరే ఊరికి పంపేశారు. ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, సగం రంగు వెలిశాయి. వాటిల్లో డిసెంబరుది ఒకటుంది. ఎండ నా వెనక నుంచి ఏటవాలుగా పడి, నా నీడ రోడ్డు దాటి చెట్టు మొదలుదాకా సాగింది. బొమ్మ పాడైందని అప్పట్లో దాన్ని అడుగున పడేశాను. ఆ ఏడాది నన్నెవరూ ఫొటో తీయలేదు, కాబట్టి ఢిల్లీలో నేనున్నట్టు మిగిలింది ఆ నీడొక్కటే. ఇప్పుడు చెట్టు కంటే దాన్నే ఎక్కువసేపు చూస్తాను. మోచేతులు రెండూ రెక్కల్లా ఎత్తి, భుజానికి సంచీ వేలాడేసుకుని, ఒక చెట్టు ఏం చేస్తుందో తెలుసుకోవాలని చలిలో నిలబడ్డ పిల్ల. వెనగ్గా వెళ్ళి భుజం తట్టి పలకరించాలనిపిస్తుంది. తట్టినా ఇటు తిరగదు లెండి, అవతల ఏదో ఆకు రాలబోతూ ఉంటుంది.