గోనెగుడ్డ మీద తాబేలు

శ్రీకాకుళంలో మా ముందుగదిలో అద్దం కట్టించిన హంసల జంట ఒకటి ఉండేది. మా పెద్దత్త, అంటే నాన్నకి అప్ప, కుట్టినది. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ ఇంటూ గుర్తులు, దూరం నుంచి చూస్తే నీళ్లలో హంసలు. అరవైల చివర్లో మా వీధిలో క్రాస్ కుట్టు రాని ఆడపిల్ల లేదు గానీ, అత్త ముందు అందరిదీ అత్తెసరు పనే. ఇది పక్షపాతంతోనే అంటున్నాను, అని తీరతాను.

అలాంటి మనిషికి నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు తిరిగి రాదని విశాఖపట్నం డాక్టరు చెప్పేశాడు. ఎదురుగా ఎవరో ఉన్నారని తెలిసేది గానీ ఎవరో తెలిసేది కాదు. సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని నాన్న సూదుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పటినుంచి అత్త అన్నం ముందు నుంచి సగంలో లేచిపోయేది. ఇంకొక్క బొమ్మ కుట్టాలని ఆవిడ పట్టు. శ్రీకూర్మం గుడిలో చేత్తో తడిమిన తాబేలునే కుడతానంది. చూపుతో పనిలేని గుడ్డ దొరికితే కుట్టుకోమన్నాడు నాన్న. దొరకదని ఆయన ధైర్యం.

నన్ను తోడు తీసుకుని బజారుకి బయల్దేరింది. బట్టల కొట్టు షావుకారు క్రాస్ కుట్టుకని నేతలో కన్నాలు వదిలి నేసే మ్యాటీ గుడ్డల తానులన్నీ విప్పి పరిచాడు. అత్త రంగు అడగలేదు, మిల్లు పేరు అడగలేదు. ప్రతి గుడ్డకీ ఒక మూల తడి అద్ది, నలిపి, గంజి వదిలాక బొటనవేలి గోరుతో గీసి చూసేది. కొన్నిటి కన్నాలు గోటికి అందలేదు. కొన్నిటికి నిలువుపోగు లావు, అడ్డపోగు సన్నం. అలాంటి దాని మీద తాబేలుని కుడితే సాగిపోయి బల్లి అవుతుందని పక్కన పెట్టేసింది. షావుకారు ముఖం మాడ్చుకున్నాడు.

మెట్లు దిగుతూ గుమ్మం పక్కనున్న బట్టల బేలు మీద చెయ్యి ఆన్చి, అలాగే ఆగిపోయింది. నా చెయ్యి కూడా తీసుకుని దాని మీద పెట్టించింది. ఈ గుడ్డ ఇమ్మంది. అది బేలుకి చుట్టిన గోనె అన్నాడు షావుకారు.

"గోనైతే ఏటి బాబూ? నా ఏలికి దారి సూపిస్తన్నాది," అంది అత్త.

ధాన్యం బస్తా గుడ్డని ముందుగదిలో వేలాడదీస్తావా అని నాన్న గొణిగాడు గానీ, ఇచ్చిన మాట కాబట్టి డబ్బా తీశాడు. నేను రంగు చెప్పి సూదికి ఉన్ని ఎక్కించి ఇచ్చేదాన్ని. తక్కినదంతా ఆవిడే. ఎడమ బొటనవేలితో కన్నాన్ని వెతికి పట్టుకునేది, సూది సరిగ్గా అక్కడే దిగేది. బడికి వేళవుతున్నా నేను కదిలేదాన్ని కాదు. తరవాత చాలామంది పనితనం చూశాను, అలాంటి చేతిని మాత్రం మళ్లీ చూడలేదు.

తాబేలు పూర్తయిన రోజు ఇరుగుపొరుగంతా వచ్చి మెచ్చుకున్నారు. నాన్న కళ్లజోడు తుడుచుకుని మరీ చూసి, ఒక్క వంక లేదన్నాడు. అత్త దాన్ని ఒళ్లో వేసుకుని తల నుంచి తోక దాకా తడుముతూ వెనకకాలి దగ్గర ఆగింది.

"ఒరే, ఇక్కడ ఒక గడి తప్పినాది. ఇంతమంది సూసినారు, ఒక్కరికీ కనబడనేదా?"

నాన్న వంగి చూశాడు. నన్ను పిలవలేదు. తనే పచ్చ ఉన్ని సూదికి ఎక్కించి ఆవిడ చేతికిచ్చాడు.