అచ్చయిన ప్లానులో మా మామ బత్తాయి తోట

మొన్న నిజామాబాద్‌లో ఒక హోటల్ పైఅంతస్తు హాల్లో జరిగిన సదస్సుకు నన్ను కూడా పిలిచారు. ఉద్యాన పంటల విస్తరణకు రాబోయే ఇరవై ఏళ్ల ప్రణాళిక వేస్తున్నారట, రిటైరైన వాళ్ల అనుభవం కావాలట. వెళ్లగానే భుజాన ఒక శాలువా కప్పి, చేతికి ఒక ఫైలిచ్చి, రెండో వరుసలో కూర్చోబెట్టారు. ఒక కుర్ర శాస్త్రవేత్త తెర మీద పట్టికలు చూపిస్తూ పోతున్నాడు. ఏ మండలంలో ఏ సంవత్సరం ఎన్ని ఎకరాల్లో మొక్కలు నాటించాలో అన్నీ ఉన్నాయి గానీ, నాటినవాటిలో ఎన్ని బతికాయో రాసుకోవడానికి ఒక్క కాలమ్ లేదు. ముప్పై అయిదేళ్ల కిందట నా చేత్తో నేను గీసిన పట్టికలోనూ లేదు. భోజనం చేసి వెళ్లమని వాళ్లు అంటూనే ఉన్నారు, నేను శాలువా మడిచి చంకలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

నా ఈడు వాళ్లు నలుగురు కూడితే మన కాలమే బాగుండేదని మొదలుపెడతారు. అప్పటి మామిడిపండు తీపి, అప్పటి ఆఫీసర్ల నిజాయితీ, అప్పటి బస్సుల్లో మనుషుల మర్యాద, ఇలా సాగుతుంది ఆ వరస. మామిడిపండు సంగతి ఒప్పుకుంటాను. ఆఫీసర్ల సంగతి మాత్రం నన్ను అడగకండి, ఎందుకంటే నేనూ వాళ్లలో ఒకణ్ణి.

వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విస్తరణ విభాగమని ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది. పరిశోధన చేసేవాళ్లు కనిపెట్టినదాన్ని రైతు దాకా చేర్చడమూ, రైతు కష్టాన్ని పరిశోధన చేసేవాళ్ల దాకా తేవడమూ దాని పని. చదువుకునేటప్పుడు ఆ రెండో సగమే నాకు ఎక్కువ నచ్చింది. నేను అందులో ఉద్యోగంలో చేరిన ఏడాదే అయిదేళ్ల ప్రణాళిక రాసే పని నా నెత్తిన పడింది. మా ఆఫీసులో నిజామాబాద్ పాతబస్తీకి చెందిన ఒక పెద్దాయన టైపిస్టుగా ఉండేవాడు. తాతల కాలం నుంచి ఆ ఊళ్లోనే పాతుకుపోయిన ముస్లిం కుటుంబం వాళ్లది, మాటలో ఎంతో నాజూకు. అంతకుముందు రెండు ప్రణాళికలు టైపు చేసిన అనుభవంతో ఆయన నన్ను చాలా మర్యాదగా ఒక మాట అడిగాడు, సంవత్సరాలు మార్చి మిగతాది పాతదే ఉంచేయమంటారా సాబ్, అని. నాకు కోపం వచ్చింది. తీరా ప్రణాళిక అచ్చయ్యాక చూస్తే ఆయన అడిగినదానికి, నేను రాసినదానికి పెద్ద తేడా ఏమీ లేదు.

ప్రణాళికకు ముందు ఊళ్లల్లో అవసరాల సభలు పెట్టాలని నియమం ఉండేది. రైతుకు ఏం కావాలో రైతునే అడిగి రాయాలన్నమాట. మేము మోర్తాడ్‌లో పెట్టిన సభ సరిగ్గా పసుపు ఉడకబెట్టే రోజుల్లో పడింది. ఆ రోజుల్లో అక్కడ ఇంటికొక మనిషైనా పొయ్యి దగ్గర నుంచి కదలడని చెరకు ప్రాంతంలో పుట్టిన నాకు తెలియదు, తెలిసిన మా ఆఫీసు పెద్దసారుకు పట్టదు. వచ్చిన పది పన్నెండు మంది ఒక్కటే అడిగారు, ఉడికిన పసుపు మట్టిలో ఆరబోస్తే రంగు పోతోంది, ఊరికొక సిమెంటు కళ్లం ఉంటే బాగుండునని. అంతలో మా పెద్దసారు సంచిలోంచి కాగితం తీసి వాళ్ల చేత సంతకాలు పెట్టించాడు. రైతులు కొత్త పండ్లతోటల పట్ల మిక్కిలి ఆసక్తి కనబరిచారని ఆ కాగితం మీద ముందురోజే టైపు చేయించుకుని వచ్చాం. ఆ మిక్కిలి అన్న మాట నాదే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

ఆ ప్రణాళికకు మకుటం లాంటిది బోధన్ ప్రాంతంలో చెరకు తీసి బత్తాయి పెట్టించడం. చెరకు మీద రైతుకు ధీమా సన్నగిల్లుతున్న రోజులవి. నిజం చెప్పాలంటే ధర్పల్లి వైపు ఎర్రనేలలు బత్తాయికి ఎంతో నయం, కానీ అక్కడ పెట్టిస్తే అందులో గొప్పేముంది, పైవాళ్ల కంటికి ఆనదు. చెరకు ప్రాంతాన్ని పండ్లతోటల ప్రాంతంగా మార్చామంటేనే పై ఆఫీసులో చప్పట్లు. రైతుల పేర్లు కావాల్సి వచ్చాయి. మొట్టమొదట నేను రాసిన పేరు మా మేనమామది.

మామకు బోధన్‌కు దగ్గర్లోనే కాలువ కింద నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. అంతకుమించి ఆయనకు ఇంకో సెంటు లేదు. మా నాన్న పోయాక నా చదువు ఆగకుండా చూసినవాడు ఆయనే. అల్లుడు వ్యవసాయం చదివాడని ఊళ్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. నేను బత్తాయి అనగానే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

పేర్లు పైకి వెళ్లిపోయాక నా మనసు ఊరుకోక ఒకనాడు మామ చేనులో మూడడుగుల గుంత తవ్వించాను. పండ్లతోట పెట్టేముందు అలా చూడాలని మాకు చదువులో మొదటి ఏడాదే చెప్తారు, ఎందుకంటే బత్తాయి వేరు నీళ్లలో నానితే కుళ్లిపోతుంది. గుంత నిండా నీళ్లు పోసి మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే, నీళ్లు ఇంకకపోగా పక్క గోడల్లోంచి ఇంకాస్త ఊరి ఉన్నాయి. కాలువ పారినన్నాళ్లూ ఆ నేల కింద నీళ్లు నిలిచే ఉంటాయి. చెరకుకు అది వరం, బత్తాయికి చావు. ఆ సంగతి రెండు పేజీలు రాసుకుని మా పెద్దసారు ముందు పెట్టాను. ఆయన చదవను కూడా లేదు.

"ప్లాను అచ్చయింది కదయ్యా. ఇప్పుడు భూమిని బట్టి ప్లాను మారదు" అని నా రెండు పేజీలు నాకే తిరిగి ఇచ్చాడు.

నేను అప్పటికి ప్రొబేషన్‌లో ఉన్నాను. అది సాకు కాదు, కానీ ఆ రోజు నా బుర్రలో ఉన్నది అదొక్కటే. ఆ ఆదివారం వెళితే మామ గుంత గట్టున కూర్చుని ఉన్నాడు, ఏమంటవు అల్లుడా అని అడిగాడు. ఏం కాదు మామా, కాలువ నీళ్లు కట్టేశాక ఇంకుతాయి అన్నాను. ఆయన ఒక క్షణం నీళ్ల వంక చూసి, లేచి గుంత పూడ్చడానికి పార తెచ్చాడు.

మొక్కలు మొదటి మూడేళ్లు ముచ్చటగా పెరిగాయి. అత్త వరుసల మధ్య పెసలు, మినుములు వేసుకుంది. నేను వెళ్లినప్పుడల్లా జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టి, చెట్లకు ఇంటి మనుషుల పేర్లు పెట్టి మురిసిపోతూ చూపించేది. నాలుగో వానాకాలంలో పల్లపు వైపు చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, మొదళ్ల నుంచి బంక కారడం మొదలైంది. మందులు పోయించాను, మొదళ్లకు పూత పూయించాను, నీళ్లు పోవడానికి కాలువలు తీయించాను. ఏ ఒక్కటీ పనిచేయదని తెలిసే చేయించాను. అయిదో ఏడు, అంటే కాపు పట్టాల్సిన ఏడు, బాట పక్కనున్న మిట్టమీద రెండు వరుసలు తప్ప తోటంతా ఎండుకట్టెలే.

సరిగ్గా అప్పుడే ప్రణాళిక ముగిసి, పైనుంచి సమీక్షా బృందం వచ్చింది. చూపించడానికి మా పెద్దసారు మామ తోటనే ఎంచుకున్నాడు, ఎందుకంటే బాట మీద నుంచి చూస్తే ఆ రెండు వరుసలే కనిపిస్తాయి. జీపులు అక్కడే ఆపించి, మామను చెట్ల ముందు నిలబెట్టి, మెడలో దండ వేసి ఫొటో తీయించాడు. ఏం లాభం కలిగిందని బృందంలో ఒకాయన అడిగాడు. మామ ఒక్క మాట మాట్లాడితే చాలు, మమ్మల్నందరినీ వెనుక ఎండిన తోటలోకి నడిపించవచ్చు.

"అంత మా అల్లుడు చెప్పినట్టే చేసిన సార్" అన్నాడు మామ.

వాళ్లు అది రాసుకున్నారు. విశ్వవిద్యాలయం మాటను తుచ తప్పకుండా పాటించిన ఆదర్శ రైతు అని సమీక్ష నివేదికలో ఆ ఫొటో కింద అచ్చయింది. జీపులు వెళ్లిపోయాక నేను అక్కడే ఉండిపోయాను. మామ దండ తీసి అత్త చేతికిచ్చాడు. ఆమె దాన్ని చూడను కూడా చూడకుండా బర్రె ముందు పడేసి వెళ్లిపోయింది. క్షమించమని అడగబోయాను, అంతలో ఆయనే అన్నాడు, కోపంగా కాదు, మామూలుగా.

"నీళ్లు ఇంకుతయన్నవు అల్లుడా. గీ భూమిల నీళ్లు ఇంకంగ మా బాపు సూడలే, నేను సూడలే. అయినా సదువుకున్నోనివి, మాకు తెల్వనిదేదో నీకు తెలిసే ఉంటదని నా కండ్లను ఇడిసిపెట్టి నీ మాట పట్టుకున్న."

ఆ వారమే చెట్లు కొట్టించి మళ్లీ చెరకు వేశాడు. నా ఉద్యోగం అప్పటికే ఖాయమైంది, తర్వాత ప్రమోషన్ కూడా వచ్చింది. ఆ తర్వాతి అయిదేళ్ల ప్రణాళికలో బోధన్ బత్తాయి విజయగాథ అని ఒక పేజీ చేరింది. అది నేనే రాశాను. ఆ పేజీ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మామ నాతో మాట్లాడటం మానలేదు. పండక్కి పిలిచేవాడు, నా పిల్లల చదువులు అడిగేవాడు, నాకు జబ్బు చేసినప్పుడు బస్సెక్కి వచ్చి మూడు రోజులు ఉన్నాడు. కానీ అంతకుముందు చేనులో ఏ ఆకు మీద మచ్చ కనిపించినా, కాగితంలో చుట్టి బోధన్ బస్సు కండక్టరు చేతికిచ్చి మా ఆఫీసుకు పంపి, ఇదేం తెగులో చెప్పమని అడిగించేవాడు. అటు తర్వాత ఒక్క ఆకు రాలేదు. ఇరవై ఏళ్లు బతికాడు, పంట గురించి నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయన ఆఖరి రోజుల్లో ఒకసారి నేను వెళ్లేసరికి పెరట్లో నిమ్మమొక్క నాటుతున్నాడు. అంటు కట్టిన చోటు మట్టిలోకి పోయేలా లోతుగా పెడుతున్నాడు, అలా పెడితే మొదలు కుళ్లుతుందని నాకు తెలుసు. చిన్నపిల్లాడికైనా చెప్పగలిగే మాట అది. రైతుకు చెప్పడమే ఉద్యోగంగా పాతికేళ్లు జీతం తీసుకున్న నేను, నీళ్ల చెంబు అందిస్తూ నోరు మూసుకుని నిలబడ్డాను.

ఇప్పుడు రైతు తన సందేహాన్ని ఫోనులో వెతుక్కుంటున్నాడు, లేదంటే మందుల దుకాణంలో అడుగుతున్నాడు. రైతుకు మన మీద నమ్మకం పోయిందని నా తోటి రిటైర్డు వాళ్లు వాపోతుంటారు, అదేదో దానంతట అది ఎండిపోయినట్టు. ఒకప్పుడు మా జిల్లాలో తన కళ్లకంటే మా మాటను ఎక్కువ నమ్మిన మనుషులు ఉండేవాళ్లు. అలాంటి మనుషులు ఇప్పుడు లేరు, అలా నమ్మకపోవడమే రైతుకు మంచిది.