మూడు చిల్లుల కాగితం

మా కోర్టు రికార్డు గదిలో ఫైళ్లు కుట్టే ఆవిడను అందరం సూదక్క అంటాం. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే దబ్బనం. కాగితాల అంచున మూడు చిల్లులు పొడిచి, దారం రెండు పేటలు వేసి ఆమె ముడి బిగించిందంటే ఇక ఆ కట్ట ఊడటం కల్ల.

ఆమె కుట్టిన వాటిలో ఒక పెయింటరు మీద దోపిడీ కేసు ఉంది. దోపిడీ జరిగిన రోజు అతను కాలు విరిగి మంచం మీదే ఉన్నాడని ఆసుపత్రి నర్సు ఇచ్చిన వాంగ్మూలం ఆ ఫైల్లోంచి మాయమైంది. అతనికి శిక్ష పడింది. ఆరేళ్ల తర్వాత, ప్రభుత్వ వకీలు గారి బీరువా తాళం పాడై, దాన్ని పగలగొడితే ఆ కాగితం దొరికింది. పెయింటరును వదిలేశారు.

వకీలు గారి మీద విచారణకు ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ఇద్దరు రోజూ ఆయనతో టీ తాగేవాళ్లే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"కుట్టు వదులై జారిపోయి ఉంటుందండీ" అన్నారు వకీలు గారు, చొక్కా నలగకుండా.

"జారి, నడుచుకుంటూ వెళ్లి, మీ బీరువాలో తాళం వేసుకుని కూర్చుందాండీ?" అంది సాక్షిగా పిలిపించిన సూదక్క. "చిల్లులు చూడండి. అంచుదాకా చిరిగాయి. లాగితేనే అలా చిరుగుతాయి."

"అడిగినదానికే చెప్పమ్మా" అన్నాడు ముగ్గురిలో పెద్దాయన.

తీర్పు వచ్చింది. వకీలు గారికి, ఇకమీదట జాగ్రత్తగా ఉండమని సలహా. ఆరేళ్ల బతుకు మింగినవాడికి ఒక సలహా! థూ. సూదక్కకు మాత్రం మెమో: కుట్టు ఎందుకు వదులుగా వేసిందో సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే ఉద్యోగం పోతుంది.

"తప్పయిందని రాసెయ్యవే, రెండేళ్లలో రిటైరవుతావు" అన్నాడట వాళ్లాయన.

"రాస్తే ఆ వకీలు కడిగిన ముత్యమే కదండీ. నష్టపరిహారం కోసం పెద్దకోర్టుకు వెళ్తున్న ఆ పెయింటరు గతేంటి?" అందట.

మర్నాడు నా ఎదుటే రాసింది: "నా కుట్టు వదులవలేదు. కాగితాన్ని లాగి చించారు." మెమోనూ జవాబునూ పెద్దకోర్టుకు పోయే పెయింటరు ఫైల్లోనే పెట్టి, మూడు చిల్లులు పొడిచి కుట్టింది. కట్ట నా ముందుకు తోసింది.

"లాగి చూడు తమ్ముడూ."

గట్టిగా లాగాను. నా వేలు తెగింది. కాగితం కదల్లేదు.