తీగ ఉంగరం తిరిగి ఇచ్చాను

బుధవారం. పాలు కాచాను. ఇడ్లీకి పప్పు నానబెట్టాను. రెండు బకెట్ల బట్టలు ఆరేశాను. గ్యాస్ బుక్ చేశాను. ఐదో పని, వాషర్‌మెన్‌పేట్ వెళ్లి ఆచారిగారికి ఉంగరం సంగతి చెప్పడం, మిగిలిపోయింది. తొమ్మిదింటికి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు.

"నాయన పోయినాడక్కా. తెల్లారి కాపీ తాగేదానికి ఇద్దామని లేపితే లేయలేదు."

రోజూ పనులు రాసుకునే నా పుస్తకంలో రెండు వారాల కిందటి పేజీ అది. అప్పటినుంచి నాకు ఏ పనీ వరసగా సాగలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి వెళ్లిపోతున్నాను.

మా ఇంటి నగలన్నీ ఆచారిగారే చేశారు. వాళ్లింటి మెట్ల కింద గది ఆయన దుకాణం. తూకం వేసినప్పుడల్లా నేను పుస్తకంలో రాసుకుంటానని నన్ను "లెక్కలమ్మా" అనేవారు. ఊదుగొట్టం నోట్లో ఉన్నంతసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మనం ఎంత తొందరపెట్టినా చేత్తో ఆగమనేవారు.

మా అబ్బాయికి పెళ్లి కుదిరింది. మా అత్తగారి ముక్కుపుడకలోని వజ్రంతో కాబోయే కోడలికి నిశ్చితార్థం ఉంగరం చేయించాలనుకున్నాం. ఆ అమ్మాయి కోడంబాక్కంలో సినిమాలకు డబ్బింగ్ చెబుతుంది. రాయి నాలుగు సన్నటి బంగారు కాళ్ల మీద పైకి నిలబడి, కింది నుంచి వెలుగు పడాలని తన ఆశ. చుట్టూ బంగారంతో మూసేయాలని నా పట్టు. అత్తగారి ముక్కున అలా మూసి ఉన్న రాయి నలభై ఏళ్లు కదల్లేదు.

ఆయన దగ్గర ఉంగరం చేయించుకున్నవాళ్లకు ఆయన పద్ధతి తెలిసే ఉంటుంది. ముందు ఇత్తడి తీగకు గాజు రాయి కట్టి నమూనా ఇస్తారు. వారం వేసుకుని, ఎక్కడెక్కడ తగులుకుందో వచ్చి చెప్పాలి. "నీ ఇష్టం, నా ఇష్టం కాదుమా. చెయ్యి చెప్పాల" అనేవారు.

కాళ్లున్న నమూనా ఇచ్చి, అమ్మాయికి పంపమన్నారు. నేను పంపలేదు. నా చిటికెన వేలికే వేసుకున్నాను. వారంలో పదకొండుసార్లు తగులుకుంది. తువ్వాలు, జడ, కొత్తిమీర కట్ట, పిండే బట్ట, అన్నీ వరసగా రాసి తీసుకెళ్లాను.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివారు.

"ఆ పిల్ల మైకు ముందర నిలబడి కొత్తిమీర కోస్తాదా, లెక్కలమ్మా?"

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"ఇది నీ చేతి లెక్క. ఈడ పెట్టిపో." కాగితం సొరుగులో వేసుకుని, తీగ ఉంగరం మళ్లీ నాకే ఇచ్చారు. "పిల్లకి పంపు. తెచ్చిచ్చేదాకా ఇది నీ మీద అప్పు."

కోప్పడి ఉంటే అంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఈసారి పంపాను. ఆయన పోయే ముందు రోజు, మంగళవారం సాయంత్రం, అమ్మాయి ఉంగరం తెచ్చిచ్చింది.

"ఒక్కసారే తగిలిందత్తా."

"దేనికి?"

"మీ అబ్బాయి చొక్కా బొత్తానికి. అది మాత్రం రాసుకోకండి."

తెల్లారి ఆ మాట చెప్పి ఆచారిగారిని నవ్విద్దామనుకున్నాను.

మొన్న శుక్రవారం దుకాణం తెరిచారు. వాళ్లబ్బాయి, తండ్రి చోట కూర్చోకుండా, పక్కన పీట వేసుకున్నాడు. మేం ఇచ్చిన పొట్లం విప్పాడు. వజ్రం ఇంకా విడిగానే ఉంది.

"నాయన నాకేమీ చెప్పలేదక్కా. మూసేదా, కాళ్లా? మీరు ఎట్లంటే అట్ల."

నిశ్చితార్థం తొమ్మిది రోజుల్లో ఉంది. మూసేయమని ఒక్క మాట అంటే చాలు. ఆచారిగారే అలా అన్నారని అమ్మాయికి చెప్పొచ్చు. ఆయన వచ్చి కాదనరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మాయి రోజూ ఎక్కే రైల్లో రాయి ఎక్కడో జారిపోయినట్టు కళ్లకు కట్టింది. సంచి జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాను.

అతను పట్టుకారు కోసం సొరుగు లాగాడు. పైనే నా కాగితం ఉంది. పదకొండు వరసల కింద ఆచారిగారు పెన్సిల్‌తో "లెక్కలమ్మ చెయ్యి" అని రాసి, పక్కన నా చిటికెన వేలి కొలత వేసుకున్నారు. ఆయన నా వేలు కొలవడం నేను ఎప్పుడూ చూడలేదు; కంటితోనే కొలిచి ఉంటారు.

"కాళ్లే పెట్టు నాయనా. ఆ పిల్ల చేతికి అవి అడ్డు రాలేదు" అన్నాను.

గోడకు నమూనాలు తగిలించే మేకుల్లో ఒకటి ఖాళీగా ఉంది. సంచిలోంచి తీగ ఉంగరం తీసి దానికి తగిలించాను. ఫ్యాను గాలికి అది ఊగుతుంటే, గాజు రాయి వెలుగు చుక్క ఆయన కూర్చునే చోట అటూ ఇటూ తిరిగింది.

ఇంటికొచ్చి శుక్రవారం పేజీ చివర రాసుకున్నాను: తీగ ఉంగరం ఇచ్చేశాను. ఆచారిగారి అప్పు తీరింది.