గోడ దూకడం మానేసిన అమ్మాయి

అది డెబ్బైల నడుమ మాట. ఆపరేషన్ అయ్యాక అక్కని మా ఇంట్లోనే ఉంచుకున్నాం. హనుమాన్ జంక్షన్ దగ్గర వాళ్ల ఊళ్లో ఉంటే పొయ్యి ముందు కూర్చోక తప్పదు. అందుకే కుట్లు మానేదాకా భవానీపురంలో మా దగ్గరే ఉంచమని బావగారికి నేనే చెప్పాను. చెప్పినంత తేలిక కాలేదు. పొద్దున్నే వంట, పిల్లలకి క్యారేజీలు, అక్కకి జావ, ఆ తర్వాత ఆఫీసులో సాయంత్రం దాకా టైపు మిషను. బస్సు దిగేసరికి వేళ్లు గుంజుతూ ఉండేవి.

పడుకుని పడుకుని అక్కకి విసుగొచ్చింది. "ఏదన్నా చదువుకోటానికి తేవే," అంది.

బస్సు స్టాపు పక్కనే పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు ఉంది. అట్టలు ఊడితే దారంతో కుట్టిన పాత పుస్తకాల వరస చూసి ఆగిపోయాను. మేం లంగా ఓణీల్లో ఉన్నప్పుడు పోటీపడి చదివినవే. ఆ కథల్లో ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల, సెలవులు రాగానే దొంగల వెంట పడతారు. నెలకొకటి వచ్చేది. ఇంకా వస్తున్నాయని కొట్టాయన చెప్పాడు. ఆ పిల్లలు మాత్రం ఇప్పటికీ హైస్కూలు దాటలేదు.

అప్పట్లో ఆ అమ్మాయంటే మాకు ప్రాణం. గోడలు దూకేది, పడవ నడిపేది, ముగ్గురికీ తట్టనిది ఆమెకి తట్టేది. ఆమెని చూసే అక్క సైకిలు నేర్చుకుంది. కాలవగట్టు మీద పడి మోచెయ్యి చీరుకుపోయినా ఏడవలేదు. తర్వాత అమ్మకి ఉబ్బసం ముదిరింది. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, పగలంతా ఇంట్లో ఉండడు. అక్కని కాలేజీ మాన్పించారు. ఆ రోజుల్లోనే అక్క ఈ పుస్తకాలూ మానేసింది. పెద్దదైంది కదా, ఇంక రుచించడం లేదనుకున్నాను. నేను మాత్రం కొన్నాళ్లదాకా వదల్లేదు.

అక్కకి కళ్లు లాగుతున్నాయంటే సాయంత్రాలు నేనే పైకి చదివేదాన్ని. ఇన్నేళ్లకి చదువుతుంటే ఆ రాత ఎంత నాసిరకమో తెలిసింది. ప్రతి పుస్తకంలోనూ దొంగల నాయకుడు వికటంగా నవ్వుతాడు. పిల్లలు ఏ ఊళ్లో రైలు దిగినా వాన పడుతూనే ఉంటుంది.

"నవ్వించకే, కుట్లు లాగుతున్నయ్," అనేది అక్క పొట్ట పట్టుకుని.

తర్వాతి పుస్తకాలకి వచ్చేసరికి ఏదో తేడాగా అనిపించింది. అమ్మాయి గుమ్మంలో నిలబడి మగపిల్లల్ని జాగ్రత్తగా వెళ్లిరమ్మంది. వాళ్లు తిరిగొచ్చాక టీ కాచి ఇచ్చింది. ఇంకోటి తీశాను. అందులోనూ అంతే.

"అక్కా, ఈ అమ్మాయి ఎప్పట్నించీ ఇంట్లో కూర్చుందే?"

"ఆ గుహ కథ దగ్గర్నించి. నువ్వు లోపలికి రావద్దంటాడు పెద్దాడు. సరే అంటది. మళ్లీ ఎక్కడికీ పోలేదు."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలిసే గదా మానేసింది. పొద్దస్తమానం నేను చేసే పనే ఆ పిల్లా చేస్తంటే, ఇంక చదివేదేముంది?"

ఆ గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పి, మంచినీళ్లు అడిగింది. అవే పుస్తకాలు నేనూ చదివాను. నాకది కనపడనే లేదు. అయినా నన్ను ఎవరూ చదువు మాన్పించలేదు.

మర్నాడు కొట్టాయన్ని అడిగాను, ఆ అమ్మాయిని ఎందుకలా చేశారని.

"ఏమోనండీ, నేను చదవను. మగపిల్లలే ఎక్కువ తీసుకెళ్తారండీ," అన్నాడాయన.

ఆ వారమే బావగారు వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, "ఏమనుకోకమ్మా, నాట్లు మొదలైనయ్. కూలోళ్లకి వండిపెట్టే దిక్కులేదు," అన్నారు.

బరువులెత్తొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పిందని గుర్తుచేశాను. ఆయన తల ఊపారు. అక్క అప్పటికే చీరలు సంచీలో సర్దుతోంది. నిజం చెప్పాలంటే నాకు వాదించే ఓపిక లేదు.

"గుహకి ముందు కథలు రెండున్నయ్, పట్టుకెళ్లు. అద్దె నేను చూసుకుంటాను," అన్నాను.

"అక్కడ తీరికెక్కడిదే," అంది.

బస్సెక్కేటప్పుడు ఒక చేత్తో కడ్డీ, రెండో చేత్తో పొట్ట పట్టుకుని మెల్లిగా పైకెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలాక పుస్తకాలు కొట్లో ఇచ్చేసి ఆఫీసుకి వెళ్లాను. అప్పటికే ఆలస్యమైంది. బల్ల మీద టైపు చెయ్యాల్సిన కాగితాలు పేరుకుని ఉన్నాయి.