పటం దాచిన వారం

మా పాపకు ఏడేళ్ళప్పుడు డెంగీ జ్వరం వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నర్సు వచ్చి రక్తం తీసుకుని పోయేది. కాసేపటికి తిరిగొచ్చి, ప్లేట్‌లెట్లు ఇంకా తగ్గాయి అని చెప్పేది. పాప చెయ్యి పట్టుకుని కూర్చున్నంతసేపూ మా వీధి చివరి చెత్తదిబ్బే నా కళ్ళ ముందు మెదిలేది.

బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డు నుంచి లోపలికి వస్తే గార్మెంట్ ఫ్యాక్టరీల వెనక మా వీధి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. వీధి చివర రాజకాలువ ఉండేది. వానొస్తే చుట్టుపక్కల నీళ్ళన్నీ పారే పెద్ద కాలువ. కాలువకూ ఇళ్ళకూ నడుమ పొడుగ్గా ఖాళీ నేల. ఫ్యాక్టరీల గుడ్డముక్కలు, హోటళ్ళ ఎంగిలి, పాత టైర్లు, అన్నీ అక్కడే పడేవి. టైర్లలో నీళ్ళు నిలిచి దోమలు పుట్టేవి. ఆ సంవత్సరం మా వీధిలో జ్వరం రాని ఇల్లు లేదు.

పాప బతికి ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడే మా ఇంటి యజమానురాలు గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. అందరం ఆమెను అవ్వ అనేవాళ్ళం. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా వాళ్ళ పూలతోటలే. చేమంతులు, కనకాంబరాలు వేసేవాళ్ళట. తోటలు పోయి వరసగా బాడుగ ఇళ్ళు లేచాయి, అందులో ఒకటి మాది.

"ఏమ్మా, ఇంకెంతమంది బిడ్డల్ని ఆస్పత్రికి మోసేది?" అంది. "ఆ నేల ఎవురిదీ కాదు. సర్కారు ఖరాబు, పన్ను లేని బీడునేల. మా నాయన కాలం నుంచీ నాకు తెలుసు. చెత్త ఎత్తి చెట్లు పెడదాం. నువ్వు అర్జీ రాయి."

అర్జీలు రాయడం నా పని. మాది పావగడ వైపు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ, వీధిలో ఎవరికి కన్నడ కాగితం కావాలన్నా రాసిచ్చేదాన్ని. నగరసభకు రాశాం. వాళ్ళ లారీ వచ్చి పదకొండుసార్లు చెత్త ఎత్తుకుపోయింది. మిగిలింది మేమే ఎత్తాం. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు కదా, ఆడవాళ్ళంతా చీర కొంగులు బిగించి పారలు పట్టుకునేవాళ్ళు. కానుగ, వేప, నేరేడు, బాదం, మొత్తం నలభై మొక్కలు నాటాం. తలా రెండు బిందెలు నీళ్ళు. మూడు నెలలకు అక్కడ పిల్లలు ఆడుకోవడం మొదలుపెట్టారు.

ఆ నేల ఖరాబు అని చూపించే గ్రామపటం నకలు కోసం అవ్వా నేనూ తాలూకా ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగాం. చివరికి సీలు వేసి ఇచ్చారు. అవ్వ ఇంట్లో ఎలుకలెక్కువని, దాన్ని నా దగ్గరే ఉంచమంది.

పటం చేతికొచ్చిన పది రోజులకనుకుంటాను, ఒక మధ్యాహ్నం తెల్ల చొక్కా వేసుకున్న మనిషి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. జాకెట్ కుట్టించడానికి ఇంటావిడను తీసుకొచ్చాడేమో అనుకున్నాను. వెనక ఎవరూ లేరు.

"అర్జీ రాసింది మీరే కదా మేడమ్. రాత బాగుండాది," అన్నాడు.

నేను మిషన్ తొక్కడం ఆపేశాను.

"ఆ సైటు నాది. మీకు తెలీక మొక్కలు పెట్టినారు, పర్వాలేదు. ఆ పటం మాత్రం ఎవురికీ ఇవ్వద్దండి." లోపల గోడకు తగిలించిన స్కూలు యూనిఫారం వైపు చూశాడు. "పాపకు జ్వరం వచ్చిందంట కదా. ఇప్పుడు బాగుండాదా? మూడున్నరకు వదుల్తారు కదా? బేకరీ సందులోంచి ఒక్కతే నడిచొస్తాది. బండ్లు ఎక్కువ మేడమ్ ఆ సందులో."

గొంతు పెంచలేదు. నవ్వుతూ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు రెండూ ఇరవై. నేను మిషన్ మీద గుడ్డ అలాగే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా బడికి పరిగెత్తాను. గేటు దగ్గర గంటకు పైగా నిలబడ్డాను. పాప వచ్చి, "అమ్మా, చెప్పులేవీ?" అంది.

సాయంత్రం మా ఆయన షిఫ్టు నుంచి వచ్చాక చెప్పాను. "పటం సంగతి నీ ఇష్టం. పాపను మాత్రం ఒంటరిగా పంపద్దు," అన్నాడు. నాకు కావలసింది ఆ జవాబు కాదు. ఆ కాగితం చింపెయ్ అని ఆయన అనుంటే, తప్పు సగం ఆయన మీదికి పోయేది.

చింపలేదు. లైనింగ్ గుడ్డలు పెట్టుకునే సంచిలో అడుగున పెట్టి, పైన గుడ్డలు కూరాను.

ఆ వారమంతా నేను నేనుగా లేను. వీధిలో మోటారు సైకిల్ ఆగితే మిషన్ ఆపి తలుపు గడియ చూసుకునేదాన్ని. పాపను నేనే దింపి నేనే తెచ్చేదాన్ని, బేకరీ సందు వదిలేసి చుట్టూ తిరిగి. దారిలో తెల్ల చొక్కాలన్నీ ఆ మనిషివే అనిపించేవి. జాకెట్ల కొలతలు తప్పాయి. ఒకామెకు చేతులు రెండూ ఒకవైపువే కుట్టి ఇచ్చాను. శనివారం పొద్దున చూస్తే కాలువ పక్క మొక్కల్లో ఆరింటిని వేళ్ళతో సహా పీకి, ఒక వరుసలో మా గుమ్మం ముందు పడుకోబెట్టి ఉన్నారు. ఎవరూ చూడకముందే వాటిని గోనెసంచిలో కుక్కి పెరట్లో పడేశాను. అవ్వకు చెప్పలేదు.

సోమవారం అవ్వ వచ్చింది. "రేపు నగరసభ ఇంజనీరు కంచె వేయించను వస్తాండాడు. పటం చూపించాలంట. తియ్యి."

"కనపడలేదవ్వా," అన్నాను. "ఎక్కడ పెట్టానో. వెతుకుతాను."

ఆమె నా ముఖం చూసింది. "వెతుకు తల్లీ," అని లేచి పోయింది.

మంగళవారం పాపను బడిలో దింపి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. పదకొండు గంటలకు జేసీబీ చప్పుడు వినబడింది. కంచె వేయడానికి జేసీబీ ఎందుకు? కిటికీ సందులోంచి చూశాను. తెల్ల చొక్కా మనిషి కాలువ పక్కన నిలబడి చేత్తో సైగ చేస్తున్నాడు. జేసీబీ మొదటి కానుగ మొక్కను తొక్కింది. అవ్వ వెళ్ళి దాని ముందు నేల మీద కూర్చుంది. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న ఇద్దరు ఆడవాళ్ళు లేచొచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఇంజనీరు స్కూటరు దిగి, "మీ దగ్గర కాగితం లేకపోతే నేనేం చేసేదమ్మా? ఆయన దగ్గర కాగితాలున్నాయి," అంటున్నాడు. జేసీబీ బకెట్ అవ్వ తలకు మూరెడు దూరంలో ఊగుతోంది.

అప్పుడైనా ధైర్యం రాలేదు నాకు. వచ్చిందని చెప్పుకుంటే అబద్ధం. వెనక తలుపు తీసి, పెరడు దాటి, పాప బడికి పరిగెత్తాను. కడుపునొప్పి అని టీచరుకు అబద్ధం చెప్పి పిల్లను తెచ్చుకున్నాను. అది నా చేతిలో ఉంటే తప్ప నేను ఏ పనీ చేయలేను. తిరిగొచ్చేసరికి జేసీబీ ఇంకా ఉరుముతూనే ఉంది. సంచి బోర్లించాను. పటం గుడ్డల కింద నలిగి ఉంది.

ఒక చేత్తో పాపను, ఒక చేత్తో పటాన్ని పట్టుకుని నడిచాను. యాభై అడుగులుంటుందేమో ఆ దూరం. పాప, "అమ్మా, చెయ్యి నొప్పి," అంది. నేను వదల్లేదు.

ఇంజనీరు పటం విప్పి తన స్కూటరు సీటు మీద పరిచాడు. సీలు చూశాడు, కాలువ చూశాడు, అడుగులు లెక్కపెట్టుకుంటూ అటూ ఇటూ నడిచాడు. ఒక చోట కాలితో తన్ని, "ఇక్కడ తవ్వండి," అన్నాడు. ఆడవాళ్ళు పారలతో తవ్వారు. పాత చెత్త కింద నుంచి సరిహద్దు రాయి బయటపడింది. తెల్ల చొక్కా మనిషి ఫోన్‌లో మాట్లాడుతూ కారెక్కాడు. ఎక్కే ముందు నా వైపు చూడలేదు. పాప వైపు చూశాడు.

సాయంత్రానికి కంచె గుంజలు నిలబడ్డాయి. నేను అవ్వ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆ మనిషి రావడం, పీకేసిన మొక్కలు, సంచి, అన్నీ. ఓదారుస్తుందనుకున్నాను.

"బిడ్డ కోసం భయపడితివి, సరే," అంది. "ఆ మాట నాకు చెప్పుంటే పటం నేనే పెట్టుకుందును కదా? బిడ్డను బడికాడికి దినమూ నలుగురం పోయి తెచ్చుందుము కదా? భయాన్ని కూడా ఒక్కదానివే దాచుకుంటివే." ఆ తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే ముఖం తిప్పుకునేది. ఆ పైన మాట్లాడినా ముక్తసరిగానే. ఆ మనిషి బెదిరింపు కన్నా అదే నన్ను ఎక్కువ కోసింది.

కానీ ఆమె మాట వీధికి చేరింది. మర్నాటి నుంచి మూడున్నరకు బడి గేటు దగ్గర మా వీధి ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. ఎవరు పంపారని అడిగితే చెప్పేవాళ్ళు కాదు. ఆ మనిషి మళ్ళీ రాలేదు. అయినా ఏడాది దాకా నేను కిటికీ తీయలేదు. పాపను వేరే బడికి మార్చాం.

రెండేళ్ళకు నేరేడు చెట్టు మనిషెత్తు దాటింది. ఆ వానాకాలం కాలువ పొంగింది. ఎప్పుడూ ఇళ్ళలోకి వచ్చే నీళ్ళు ఈసారి చెట్ల నేలలోనే నిలిచి, రెండు రోజుల్లో ఇంకిపోయాయి. ఆ వారమే అవ్వ ఒక జాకెట్ గుడ్డ తెచ్చి నా మిషన్ మీద పెట్టింది.

"చేతులు రెండూ ఒకవైపువే కుట్టబోకు," అంది. తర్వాత, కాలువకు అవతలి గట్టు చూపిస్తూ, "అదీ ఖరాబే. అర్జీ రాయాల," అంది.

నాకు ఆ తెల్ల చొక్కా గుర్తొచ్చింది. ఆ మాట ఆమెకు చెప్పాను. "భయమేస్తాందవ్వా."

"ఏస్తాది," అంది. నా పక్కనే బల్ల మీద కూర్చుని, నేను రాసేదాకా కదల్లేదు.