నూరుమందికే కుదిరే చెయ్యి

మా వీధి చివరింటి అమ్మాయి ఎచ్చెర్లలో చదువుతోంది. మొన్న ఆదివారం మెడలో పలకంత కార్డు వేలాడేసుకుని మా ఇంటికి వచ్చింది. విశాఖపట్నంలో ఏదో అంతర్జాతీయ సదస్సట, చాలా దేశాలవాళ్లు వస్తున్నారట, తనని వాలంటీరుగా తీసుకున్నారట. "ఏ పని అప్పజెప్పారమ్మా?" అని అడిగితే "ఫుడ్ కమిటీ, తాతగారూ" అంది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. నవ్వింది నిన్ను చూసి కాదమ్మా, కూర్చో చెబుతానని మొదలుపెట్టాను గాని, ఇంతలో ఆమె ఫోను మోగింది, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. సగంలో ఆగిన కథ గొంతులో ముల్లులా ఉంటుంది. అందుకని మీకు చెబుతున్నాను.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాలు. నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. చరిత్ర రాసేవాళ్లు, రాళ్ల మీద అక్షరాలు చదివేవాళ్లు దేశదేశాల నుంచి వచ్చి విశాఖపట్నంలో మూడు రోజులు సభలు జరుపుకున్నారు. నాలుగో రోజు వాళ్లకి శ్రీముఖలింగం గుళ్లు చూపించాలని ఏర్పాటు. పొద్దున్న పాసింజరులో ఆమదాలవలస దాకా, అక్కణ్ణుంచి రెండు బస్సుల్లో గుడికి. ఆ ఒక్క రోజు మర్యాదల కోసం మా కాలేజీ నుంచి పన్నెండుమందిని ఎంపిక చేశారు. ఎంపికకి ఆధారం ఇంగ్లీషు. మా ఇంగ్లీషు పరీక్ష కాగితం మీద బాగానే నడిచేది. నోట్లోకి వచ్చేసరికి "ఎస్ సర్", "కమ్ సర్", "స్లోలీ సర్" దగ్గర చతికిలబడేది. తెల్ల చొక్కా, జేబు మీద గుండుసూదితో గుచ్చిన నీలం రిబ్బను, అదీ మా వేషం. నాకు అప్పజెప్పింది మధ్యాహ్న భోజనం. విశాఖపట్నంలో ఒక హోటలువాళ్లు రొట్టెముక్కలు, ఉడికించిన గుడ్లు, కేకులు నాలుగు పెద్ద వెదురు బుట్టల్లో సర్ది అదే రైలుకి గార్డు పెట్టెలో వేస్తారు. నేను వాటిని ఆమదాలవలసలో దింపించి బస్సెక్కించాలి. అంతకన్న ఏమీ లేదు. ఆ మాత్రం పనికి ఇంత పెద్ద రిబ్బనెందుకా అని కూడా అనుకున్నాను.

మా వైపు అతిథి వచ్చాడంటే మెళ్లో దండ పడాల్సిందే. నలభై రెండు మంది అతిథులకి నలభై రెండు బంతిపూల దండలు, ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద సన్నాయి మేళం. దండలు వెయ్యాల్సిన ఆడపిల్లలేమో పొట్టివాళ్లు, రైలు దిగినవాళ్లేమో తాటిచెట్లు. ఎందుకు వంగాలో వాళ్లకి తెలీదు, వంగితే తప్ప వీళ్లకి అందదు. "పొడుగ్గా ఉన్నవాళ్లు ఇటు రండయ్యా" అని మా లెక్చరరు గారు కేకేశారు. నేను మా బ్యాచిలోకెల్లా పొడుగు. పరిగెత్తాను. ఎంత ఉత్సాహంగా దండలు వేశానంటే, ఒకాయన ముచ్చటపడి తన దండ తీసి నా మెళ్లోనే వేశాడు. అంతలో గార్డు పచ్చజెండా ఊపాడు. మేమంతా ఎంతో మర్యాదగా ఆయనకి తిరిగి చేతులూపాం. రైలు పలాస వైపు సాగిపోయింది, నాలుగు బుట్టలతో సహా. ఆ కేకులు ఎవరు తిన్నారో ఈనాటికీ తెలీదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

బుట్టల సంగతి బస్సులు బయల్దేరిన గంటకి గాని బయటపడలేదు. టీ కోసం ఆపినచోట లెక్చరరు గారు మొదటి బస్సులోంచి దిగి, "బుట్టలు రెండో బస్సులో ఉన్నాయి కదా?" అన్నారు. నేను దిగింది రెండో బస్సులోంచే. నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. తిట్టలేదు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో నెమ్మదిగా తుడుచుకున్నారు. "పదిన్నరయింది. అతిథుల్లో సగం మంది అరవై దాటినవాళ్లు. అక్కడ హోటలు లేదు. ఒంటిగంటన్నరకి వాళ్లకేం పెడతావు?" అన్నారు. అది నిజానికి ప్రశ్న కాదు, శిక్ష. నేను మాత్రం జవాబు చెప్పేశాను. "దారిలో మా మావ ఉన్నాడండి. సిపాయిలకి వండేవాడు."

మావ అంటే మా అమ్మ తమ్ముడు. పటాలంలో పదిహేనేళ్లు వంటవాడిగా ఉండి, పాకిస్తాన్‌తో యుద్ధం అయిన మరుసటేడు కాలికి దెబ్బతో ఇంటికొచ్చాడు. యుద్ధం కబుర్లు చెప్పమని ఊరంతా అరుగు చుట్టూ చేరింది. తుపాకుల గురించి చెబుతాడనుకుంటే ఆయన రొట్టెల గురించి చెప్పాడు. పగటిపూట పొయ్యి వెలిగిస్తే పొగ చూసి గుండు వేస్తారని, అందుకని తెల్లారకముందే వండి, నిప్పు ఆర్పి, కంచరగాడిదల మీద ముందు వరసకి పంపేవాళ్లమని చెప్పాడు. ఊరు బాగా నిరాశపడింది. 'గరిట సిపాయి' అని పేరు పెట్టి ఊరుకుంది. ఇంట్లో ఇంకో గోల. ఆయన చెయ్యి నూరుమంది వంటకి కుదిరిపోయిన చెయ్యి. తక్కువ వండడం రాదు. కొత్తలో ఒకసారి అత్తకి జ్వరమొస్తే పప్పు వండాడు. ఇంట్లో ఉన్నది నలుగురు. ఆ పప్పు వీధి వీధంతా రెండు రోజులు తిన్నది. అందులో కారం లేదు, చింతపండు లేదు. పంజాబువాడికీ మద్రాసువాడికీ కూడా సరిపడే తిండి అని ఆయన, ఎవడికీ సరిపడదని ఊరు. ఆనాటి నుంచి అత్త ఆయన్ని వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆయనా రెండేళ్లుగా గరిట ముట్టలేదు.

బస్సులు నన్నూ ఇంకో ముగ్గుర్నీ మావ ఊరి దగ్గర దించి గుడికి వెళ్లిపోయాయి. గుడి అక్కడికి రెండు మైళ్లు. మావ అరుగు మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. నన్ను ఎగాదిగా చూసి, "ఏట్రా అల్లుడూ, సొక్కా మీద ఆ రిబ్బనేటి? పందెమెద్దుకి కట్టినట్టు?" అన్నాడు. జరిగింది ఒక్క గుక్కలో చెప్పాను. లోపల బియ్యం చెరుగుతున్న అత్త చేటతో సహా గుమ్మంలోకి వచ్చి, "ఓలమ్మో! దొరల తిండి పలాస ఎలిపోనాదా!" అని పడీపడీ నవ్వింది. మావ నవ్వలేదు.

"ఎంతమంది?"

"నలభై రెండు, మావా. మాతో కలిపితే యాభై పైన."

"నాను సెయ్యను."

"ఏం మావా?"

"నూరుకే నా సెయ్యి కుదురుతాది. తక్కింది ఏటవుతాది? ఎనక్కొస్తాది."

"వస్తే రానీ" అన్నాను, పొగరుగా కాదు, కంగారుగా.

ఆయన తాడు పేనడం ఆపాడు. అంతకుముందు ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాడు. "ఒకనాడు తెల్లారగట్ల నూరుమందికి రొట్టె, కూర కట్టి పంపినాను. పొద్దుగూకినాక గాడిదలు ఎనక్కొచ్చినాయి. డేగిసాలు నిండుగున్నాయి. కట్టిన గుడ్డ కట్టినట్టే ఉన్నాది. తినడానికి అక్కడ ఒక్కడూ మిగల్లేదు, అల్లుడూ. నిండు డేగిసా ఎనక్కి రావడం మళ్లీ సూడలేను."

అత్తకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆమే చేట గోడకి ఆనించి, "ఈ దొరలు బతికే ఉన్నారు కదా. ఆకలి మీదున్నారు. లెగు" అంది. ఆయన కదలకపోతే, "కారం నేదని ఏడవడానికి ఆళ్లేం మన ఊరోళ్లు కాదు. బేగి లెగు" అంది. మావ లేచాడు.

ఆ రోజుల్లో రేషనులో బియ్యం బదులు అమెరికా గోధుమలు ఇచ్చేవారు. మా వైపువాళ్లకి గోధుమతో ఏం చెయ్యాలో తెలిసేది కాదు. కొందరు గేదెలకి పెట్టేవారు, కొందరు మరాడించి పిండి డబ్బాలో పోసి మరిచిపోయేవారు. ఏ ఇంట్లో ఎంత పిండి పడి ఉందో మావకి లెక్కలతో సహా తెలుసు. "ఒరే గుంటల్లారా, వరసగా నిలబడండి" అన్నాడు. ఆ గొంతు నాకు కొత్త. నిలబడ్డాం. ఒకణ్ణి పిండికి, ఒకణ్ణి బంగాళాదుంపల కోసం కొట్టుకి, ఒకణ్ణి ఊరి పెళ్లిళ్లకి వాడే పెద్ద డేగిసాల కోసం తోలాడు. నా ముందు బుట్టెడు ఉల్లిపాయలు కుమ్మరించి, "బుట్టలు పోగొట్టినోడివి, కూకోని ఏడు" అన్నాడు.

వేలు తడిపి గాలి ఎటు ఉందో చూసి పెరట్లో మూడు గోతి పొయ్యిలు తవ్వాడు. పచ్చి కర్ర ఒక్కటి పడనివ్వలేదు. పొగ రాకూడదట. "ఇక్కడ గుండు ఎవడేస్తాడు మావా?" అంటే "అలవాటురా" అన్నాడు. మిరియాలు మాత్రం తగిలించిన పొడి బంగాళాదుంప కూర, పెసరపప్పు కిచిడీ, పూరీలు. పూరీలు అత్త ఒత్తింది, ఆయన వేయించాడు. ఇద్దరూ ఒకరినొకరు గదమాయించుకుంటూనే ఉన్నారు. చివర్లో పిండిలో బెల్లం కలిపి, బిళ్లలుగా కోసి నూనెలో ఎర్రగా వేయించాడు. శక్కర్‌పారా అన్నాడు. వారం రోజులు జేబులో ఉన్నా చెడదు, సిపాయి నడుస్తూ నడుస్తూ నములుకుంటాడు. ఆ వాసనకి ఊరు పెరటి గోడ మీద చేరింది. పక్కింటి బండి ఆసామి, మావకి వరసకి బావ, 'గరిట సిపాయి' పేరు పెట్టిన మహానుభావుడు ఆయనే. గోడ మీంచి తొంగి చూసి, "ఏటి సిపాయీ, మళ్లీ యుద్దమొచ్చినాదేటి?" అన్నాడు. "ఒచ్చినాది. నీ బండి కట్టు" అన్నాడు మావ తలెత్తకుండానే. కట్టాడు. బండిలో మేమూ, అత్తా, మూడు డేగిసాలూ. ప్రతి ఒక్కటీ నూరుమందికి సరిపడా.

గుడి వెనక తోటలో విస్తళ్లు వేసి ఉన్నాయి. అతిథులు ఎండలో తిరిగి టొమాటోల్లా కందిపోయి వచ్చారు. లెక్చరరు గారు వడ్డించమన్నారు. మావ గరిట ఇవ్వలేదు. పటాలంలో పెద్ద అధికారి ముందు రుచి చూసి బాగుందంటే గాని సిపాయి పళ్లెంలో ఏదీ పడదు, అది అక్కడి పద్ధతి. "సరే, నేను చూస్తాలేవయ్యా" అన్నారు లెక్చరరు గారు. "తమరు ఒడ్డించీవోళ్లు బాబూ. తినీవోళ్లలో పెద్దెవరో సెప్పండి." అందరి చూపూ ఒక ముసలి దొరసాని వైపు తిరిగింది. డెబ్బయ్యేళ్లుంటాయి. శాసనాలు చదవడంలో ఆమె తర్వాతే ఎవరైనా అట. మావ పళ్లెం పట్టుకుని కుంటుతూ వెళ్లి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. ఆమె పళ్లెమంతా పరికించి, అన్నీ వదిలి శక్కర్‌పారా తీసి నోట్లో పెట్టుకుంది.

దవడ ఆగిపోయింది. జీవితమంతా రాళ్లతో గడిపిన మనిషి, ఈ రాయి మాత్రం ఆమెకి లొంగలేదు. చెయ్యి బుగ్గ మీదికి వెళ్లింది. వెనక నలభై ఒక్కమంది అడుగు ముందుకెయ్యకుండా చూస్తున్నారు. నేను అడ్డుపడి "స్లోలీ, మేడమ్" అన్నాను. నాకు గుర్తున్నది అదొక్కటే. మావ నన్ను పక్కకి నెట్టి, బండిలో తెచ్చిన టీ గ్లాసులో పోసి ఆమె చేతిలో పెట్టి, ఇంకో బిళ్ల తీసి అందులో ముంచి చూపించాడు. "పళ్లతో కాదమ్మా, ఓపికతో తినాల" అన్నాడు. అనువాదం అక్కర్లేకపోయింది. ఆమె ముంచింది, తింది, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. మరో రెండు బిళ్లలు తీసి చేతిసంచిలో వేసుకుని, విస్తరి ముందు నేల మీద చతికిలబడి పూరీ తుంచింది.

ఆ తర్వాత మా చేతులకి తీరిక లేదు. అమెరికా ఆయన ఒకరు పూరీ మెచ్చుకుని గోధుమ ఏ ప్రాంతంలో పండుతుందని అడిగారు. లెక్చరరు గారు ఒక్క క్షణం తడుముకుని "మీ ప్రాంతంలోనేనండి" అన్నారు. ఆయన ఇంకో మూడు వేయించుకున్నారు. అందరి జేబులూ శక్కర్‌పారాలతో ఉబ్బాయి. మేమూ తిన్నాం, డ్రైవర్లూ తిన్నారు. అయినా నూరుమంది వంట కదా, డేగిసాల్లో ఇంకా సగానికి సగం ఉంది. మావ అంచు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడిపోయాడు.

దొరల్ని చూడ్డానికి వచ్చిన జనం పొద్దుటి నుంచి తోట చుట్టూ నిలబడే ఉన్నారు. అత్త కొంగు బిగించి వాళ్ల వైపు తిరిగింది. "ఏటలా సూస్తన్నారు? దొరల్ని సూసింది సాల్లే. కూకోండి!" అని కేకేసింది. మొహమాటంగా ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన వెనక పదిమంది, వాళ్ల వెనక తోట తోటంతా. ఎవరి వరస వాళ్లు దూరదూరంగానే వేసుకున్నారు, ఆ కాలం అలాంటిది. వడ్డించింది మాత్రం ఒకే డేగిసాలోంచి. బండి బావ కారం లేదని సణుగుతూ సణుగుతూ మూడుసార్లు కిచిడీ వేయించుకున్నాడు. ఆఖరికి నేను అడుగు గీకి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్న ఒక తల్లి విస్తట్లో వేశాను. గరిట డేగిసా అడుగున ఖణేల్‌మంది. మావ అప్పుడు నా వైపు చూశాడు.

బస్సులు వెళ్లిపోయాయి. డేగిసాలు అప్పగించాలి కదా అని నేను బండితోనే ఉండిపోయాను. వాటిని గుడి పక్కనే పారే వంశధార ఇసకతో మావ ఒక్కడే తోమాడు, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. బండి కాస్త దూరం సాగాక గరిటతో డేగిసా మీద కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏటి బావా ఆ గోల? ఎడ్లు బెదురుతాయి" అన్నాడు బండి ఆసామి. సిపాయి అనలేదని నేను గమనించాను.

"బెదరనీ. సూడు. కాళీ."

దారిలో ప్రతి ఇంటి ముందూ కొట్టాడు. జనం ఏమిటో అని బయటికొస్తే, డేగిసా వంచి లోపల చూపించి, "కాళీగున్నాది!" అని చెప్పాడు. అత్త సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది గాని, ఆపమని మాత్రం అనలేదు.

యుద్ధం ఏనాడు మొదలైందో, ఏనాడు ఆగిందో పుస్తకాల్లో రాసి ఉంటుంది. తర్వాత పత్రికలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ తేదీలు సరిచూసి అచ్చుకి పంపినవాణ్ణే నేను. మా మావ యుద్ధం మాత్రం వాటికి మూడేళ్లు ఆలస్యంగా, వంశధార పక్కన ఎడ్లబండి మీద, పొద్దు వాలుతుండగా ఆగింది.